ఒక పిలుపుకి ఇద్దరం

డాండెనాంగ్ మందుల షాపులో
"బొంతా!" అని కేకేసింది కౌంటరు పిల్ల.
ఇద్దరం లేచాం.

ఒకదాన్ని నేను.
పెళ్ళయి పద్నాలుగేళ్ళైనా
పాస్‌పోర్టు మార్చడానికి బద్ధకించి
నాన్న ఇంటిపేరుతోనే తిరుగుతున్నదాన్ని.
రెండో మనిషికి డెబ్బై దాటుంటాయి.
గళ్ళ టోపీ, చక్రాల సంచీ.
అబద్ధమెందుకు, మొహంలో మావాళ్ళ కోసం వెతికాను.
ముక్కు దగ్గర మొదలుపెట్టి చెవుల దాకా,
ఎవరూ దొరకలేదు.

పేరు సిల్వేన్.
మారిషస్ నుంచి వచ్చి నలభై ఏళ్ళట.
"మాది ఫ్రెంచి పేరు," అన్నాడు.
"బోంతే అంటే దయ.
మా ముత్తాత తాత మంచితనం చూసి
చెరకుతోట దొర పెట్టాడు."

నేనేమనను?
బళ్ళో నన్ను బొంతకాకి అన్నారు.
బొంతపురుగని మెడకి దురదగొండాకు రాశారు.
దయ అని మాత్రం ఒక్కరూ అన్లేదు.

చెప్పేశాను.
చిరిగిన చీరలూ నాన్నల పంచెలూ
ఒకదాని మీద ఒకటి పరిచి
కుట్టుకుంటూ కుట్టుకుంటూ పోతే వచ్చేది బొంత.
చలికి కప్పుకునేది,
పిల్లలు తడిపితే ఎండేసేది.

టోపీ తీసి లోపలివైపు చూసుకున్నాడు కాసేపు.
"అయితే ఇందులో దొర లేడా?"
"లేడు."
నవ్వాడు. లేకపోతే దగ్గేమో.

తర్వాతి గురువారం జిరాక్సు కాగితం తెచ్చాడు.
కోరంగి రేవు. ఓడ. ఒక నంబరు.
వయసు ఇరవై. ఎడమ మోకాలి కింద మచ్చ.
ఊరి గడిలో నీటి మరక.
కులం గడిలో పురుగు తొలిచిన కన్నం.
పేరు: బొంత.
దాని పక్కన ఏమీ లేదు.

ఆ ఖాళీని రెండుసార్లు చదివాక వెలిగింది నాకు.
నీ పేరేమిట్రా అని అడిగుంటాడు గుమాస్తా.
మనవాడు మన పద్ధతిలో
ఇంటిపేరుతో మొదలుపెట్టుంటాడు.
ఆ ఒక్క మాటా రాసుకుని
కలం ఎత్తేశాడు గుమాస్తా, వెనక ఇంకా వందమంది.
రెండో మాట, వాళ్ళమ్మ పెట్టుకున్నది,
ఉప్పుగాలికి పోయింది.
ఇల్లు ఓడెక్కింది.
మనిషి రేవులోనే ఉండిపోయాడు.

సత్తెయ్యా? పోలయ్యా? వీరన్నా?
షాపు బయట బల్ల మీద కూర్చుని
నోటికొచ్చిన పేర్లన్నీ చెప్పాను.
సిల్వేన్ ఒక్కోటీ పలికి చూసి
కాలికి పట్టని చెప్పులా పక్కన పెట్టాడు.
గంగులు దగ్గర మాత్రం కొంచెం ఆగాడు.

ఫోన్లో అమ్మ మొదటి ప్రశ్న:
"ఇంతకీ వాళ్ళేమిట్లు?"
అక్కడ కన్నం పడిందమ్మా.
"అదేం జవాబే?"
ఇద్దరివీ బీపీ మాత్రలే, ఒకటే రంగు, అన్నాను.
అమ్మ ఫోను పెట్టేసింది.

ఇవేవీ రుజువులు కావని తెలుసు.
బొంతవాళ్ళు ఊరికొకరుంటారు,
ఒకరికొకరు ఏమీ కానివాళ్ళు,
ఒకరింట ఒకరు మంచినీళ్ళయినా తాగనివాళ్ళు.
మేం కూడా ఆ లెక్కేనేమో.
ఆ మాట అతనికి చెప్పనే చెప్పాను.
తలూపాడు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నిన్న బస్‌స్టాపులో, వాన చినుకుల్లో, ఉన్నట్టుండి అడిగాడు:
"తొంగో ఎవరు?"

వాళ్ళ నాన్నమ్మ దీపం ఆర్పేసి
తొంగో, తొంగో అనేదట.
చీకట్లో వచ్చే దేన్నో పిలుస్తోందనుకుని
ముసుగు లోపల బిగుసుకుపోయేవాడట.
ఈ వయసులోనూ లైటు తీసేముందు
ఒక్క క్షణం గుర్తొస్తుందట.

తాళ్ళరేవులో మా మామ్మ,
నా మీద బొంత మెడదాకా లాగి,
అదే మాట, అదే విసుగుతో.

ఎవరూ కాదు సిల్వేన్.
పడుకో అని.
పడుకోమంది, అంతే.

బస్సొచ్చింది.
డ్రైవరు తలుపు తెరిచి, మా ఇద్దర్నీ కాసేపు చూసి,
మూసుకుని వెళ్ళిపోయాడు.